తుడవమన్న బొమ్మలు

జూన్ 3

మావయ్యా,

నీకు అన్యాయం జరిగింది. చేసినవాడు కళ్లజోడు. ఈ రెండు ముక్కలూ ముందు రాసి పెట్టుకున్నాకే మిగతా ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఎందుకంటే మన బొమ్మల సినిమా స్టూడియోలో ఈ రెండు ముక్కలనూ ఒకే వాక్యంలో పలికే నోరు లేదు. "పెద్దాయనకి ఒంట్లో బాగాలేదట" అంటారు. "తనే విశ్రాంతి కావాలన్నాడట" అంటారు. ఈ 'అట'లన్నీ ఏ పుట్టలోంచి వస్తున్నాయో నాకు తెలుసు.

ముప్ఫై ఏళ్లు మన హీరో ఉక్కురెక్కని నిలబెట్టిన చేతిని, నలభైమంది చూస్తుండగా, "ఈ గీత వణుకుతోంది, దీని మీద హీరో నిలబడడు" అని ఒక్క మాటతో పక్కన పెట్టాడు మన కళ్లజోడు దర్శకుడు. హీరోని నీ దగ్గర్నించి లాక్కుని మొన్న చేరినవాడికిచ్చాడు. నువ్వేమో ఎప్పట్లాగే కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయావు. పోతూ పోతూ కనీసం తలుపైనా గట్టిగా వెయ్యలేదు. మర్నాటికి ఊళ్లో లేవు. అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. నీ ఫోను మోగీ మోగీ ఊరుకుంటోంది. నువ్వు దిగిన బైండరుగారి అడ్రసు నీతో ఇన్నేళ్లు పనిచేసిన రబ్బరక్క ఇస్తే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు వీళ్లకి సిగ్గుండాలి. సినిమా కథేమిటి? అరవై ఏళ్ల తర్వాతి నగరం. మెట్లు లేని మేడలు, చక్రాల్లేని బళ్లు. ఉక్కురెక్కకి డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పట్టేశాయి, ఇనప రెక్క తుప్పు పట్టింది, ఎవరెవరిని కాపాడాడో సగంమంది పేర్లు గుర్తులేవు. నగర సభవాళ్లు దండ వేసి, "ఇక మీరు ప్రదర్శనశాలలో కూర్చోండి, పిల్లలు వచ్చి చూస్తారు" అంటారు. ఆ ఘట్టం వేసేటప్పుడు మా రెండో వరసలో ఇద్దరు ఏడ్చారు. వాళ్లే, నిన్ను ఇంటికి పంపిన రోజు తల ఎత్తకుండా పెన్సిళ్లు చెక్కుకున్నారు. నేనొక కరపత్రంలో చదివాను: బొమ్మలో కన్నీళ్లకి చలించేవాడు పక్కబల్లవాడి కన్నీళ్లకి చలించడు, ఎందుకంటే బొమ్మ ఏ సాయమూ అడగదు. ఎంత నిజం!

నన్ను ఈ లైటు బల్ల ముందు కూర్చోబెట్టింది నువ్వు. కదలిక మొదలూ చివరా ఉండే కీ బొమ్మలు నువ్వు వేస్తే, ఆ రెంటి మధ్యా నింపే బొమ్మలు నేను వేశాను. నువ్వు ఎక్కడ మొదలుపెట్టావో, ఎక్కడ ఆగావో చూసి మధ్యలోది ఊహించడం నాకు అలవాటే. కాబట్టి నువ్వేమీ చెప్పకపోయినా నాకు అర్థమవుతుంది. నువ్వు వెనక్కి రా. కాదంటే నీ తరఫున నేనే కొట్లాడతాను.

నీ మేనకోడలు,
కరపత్రం
(నువ్వు పెట్టిన పేరే. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తున్నాడు. నీ పుణ్యమా అని.)


జూన్ 11

కోడలా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో పదకొండు చోట్ల నాకు సలహాలూ తొమ్మిది చోట్ల తిట్లూ ఉన్నాయని బైండరు తేల్చాడు. తిట్లలో నీ స్పెల్లింగు బాగుందట. పక్కనే కూర్చుని వాక్యానికోసారి నవ్వుతున్నాడు, వాడి మాట పట్టించుకోకు.

నన్నెవరూ వెళ్లగొట్టలేదు. హీరోని వేరేవాడికిచ్చారు, నిజమే. నాకింకో పని ఇస్తామన్నారు కూడా. మేఘాలు వెయ్యమన్నారు. నేనే వచ్చేశాను. దానికి కారణాలు నాకున్నాయి. ప్రతి కారణానికీ ఊరేగింపు తియ్యక్కర్లేదు.

ఇక్కడ బాగానే ఉంది. బైండరు షాపు ఇరుకు సందులో, కింద ప్రెస్సు, పైన మేము. జిగురు వాసన తప్పితే ఏ ఇబ్బందీ లేదు. నాకు అచ్చయిన పుస్తకాల ఫారాలు మడతపెట్టే పని. మడత హాయిగా ఉంటుంది. అంచు అంచుకి తగిలిందంటే కాగితమే దారి చూపిస్తుంది, మన గొప్పేమీ ఉండదు. ఎదురుగా సినిమా హాలు. దాని పక్కన టీ కొట్టు. ఇంతకంటే ఏం కావాలి?

ఫోను ఎత్తనని అలగకు. ఫోనులో నువ్వు ఉపన్యాసమిస్తావు. ఉత్తరమైతే మడిచి పక్కన పెట్టుకోవచ్చు. పైగా అది ఇప్పుడు నా వృత్తి.

ఒక్క పని చేసిపెట్టు. నా బల్ల కింది అరలో, పాత టైమింగు షీట్ల అడుగున, బూడిదరంగు అట్ట ఒకటుంది. అందులో నలభై ఒకటో సన్నివేశం బొమ్మలు, అరవై నాలుగు. ఎవరికంటా పడకుండా వాటిని తుడిచెయ్యి. ఒక్కటీ మిగలకూడదు. రబ్బరక్కకి చెప్పకు. ఆవిడ ఇప్పటికే నా కోసం చెయ్యాల్సినదానికంటే ఎక్కువే చేసింది.

మీ అమ్మతో బాగున్నానని చెప్పు. నువ్వు వేళకి తిను. పస్తులుండి లోకాన్ని ఉద్ధరించినవాళ్లెవరూ నాకు తెలీదు.

మావయ్య


జూన్ 17

మావయ్యా,

అట్ట దొరికింది. పని మొదలైంది. ఇంతకంటే వివరంగా రాయను, స్టూడియోకొచ్చే ఉత్తరాలకే కాదు, పోయే ఉత్తరాలకీ చెవులుంటాయి. ఒక్కటీ మిగల్చను. రబ్బరక్కకి కాదు కదా, నా నీడకి కూడా తెలీదు.

ఆ బొమ్మలు ఒక్కొక్కటే తీసి రెండేసిసార్లు చూశాను. ఇన్నాళ్లూ వీటిని అడుగున దాచుకుని ఎలా ఉన్నావు? నువ్వెందుకు తుడవమన్నావో బాగా అర్థమైంది. ఇంత పెద్ద పని నన్ను నమ్మి నాకు చెప్పావు. నేను మర్చిపోను.

ఇంకొకటి. నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను, మాటల కోసం కాదు, అక్షరాల కోసం. అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క సున్నా కూడా వంకర పోలేదు. వణుకుతోందట, చెయ్యి! ఆ కళ్లజోడు తీసేసి ఈ ఉత్తరం అతని ముఖానికి అతికించాలనుంది.

కరపత్రం


జూన్ 24

కోడలా,

అర్థం చేసుకున్నావు. అంతే చాలు. నువ్వేదో వందమాటలని వాదిస్తావనుకుని బైండరుతో పందెం కాశాను. ఓడిపోయాను. ఓడిపోయి ఇంత తేలిగ్గా నిద్రపోయిన రోజు ఈ మధ్య లేదు.

అక్షరాల గురించి అన్నావు. అక్షరం ఎవరిదైతేనేం, మాట నాది. అది చూసి మురిసిపోకు, దాంతో ఎవరిమీదా యుద్ధానికి పోకు. ఆ అట్ట సంగతి ముగిసిందని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ తర్వాత మనం వాతావరణం గురించి రాసుకుందాం. ఇక్కడ ఉక్కగా ఉంది.

రబ్బరక్క ఎలా ఉంది? ఆవిడ కళ్లద్దాలు మార్చుకోవాలని రెండేళ్లుగా అనుకుంటోంది. మార్చుకుందా?

మావయ్య


జూలై 9

మావయ్యా,

ముగిసింది! ఇక దాచను, దాచాల్సిన పని లేదు.

అరవై నాలుగు బొమ్మలూ తుడిచాను. పొద్దున హాలు తెరవగానే ఓ గంట, మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు ఓ గంట. మన పని తెలియనివాళ్లకి ఈ మాట చెబితే నవ్వుతారు. ఇంట్లో తుడిస్తే ఉన్నది పోతుంది. మన దగ్గర తుడిస్తే ఉన్నది నిలుస్తుంది. చిత్తుగా వేసిన బొమ్మని కింద పెట్టి, పైన కొత్త కాగితం పరిచి, లైటు వెలుగులో ఒక్కొక్క గీతనీ శుభ్రంగా ఎత్తుకోవడం. రబ్బరక్క ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని. దాన్ని నువ్వు నాకిచ్చావు.

నలభై ఒకటో సన్నివేశం! ముసలి ఉక్కురెక్క ఒంటరిగా గదిలో నిలబడి తుప్పు పట్టిన రెక్కని వీపుకి కట్టుకుంటాడు. పట్టీ బకిల్లో దూరదు. వేళ్లు వణుకుతాయి. మళ్లీ ప్రయత్నిస్తాడు. కిటికీ అవతల నగరం మునిగిపోతోంది, ఇతనికి పట్టీ దూరడంలేదు. మావయ్యా, వేళ్లే కాదు, గీతే వణికింది. భుజం గీత, గోడ గీత, కిటికీ గీత, అన్నీ. అంత కుదురైన అక్షరం రాసే చెయ్యి కావాలని అలా వణికింది చూడు, అది కళ అంటే. నేను ఒక్క వణుకూ వదల్లేదు. పెన్సిలు మొన ఎక్కడ జారితే అక్కడ నేనూ జారాను. తర్వాత మధ్య బొమ్మలు నాలుగు వందలు రెండో వరసంతా కలిసి వేశాం. ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఫోటోకి పోయే దొంతరలో మెల్లిగా కలిపేశాను.

ఆ సన్నివేశాన్ని హాల్లో తెరమీద వేశారు. కళ్లజోడు తన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆ ముఖాన్ని అద్దాల్లేకుండా చూడ్డం మాకదే మొదలు. తర్వాత అన్నమాట ఇది: "హీరో సినిమా అంతా ఇలాగే ఉండాలి." ఎవరు వేశారని అడగలేదు. నీ పేరు తియ్యలేదు. మొన్న వచ్చిన ట్రైలర్లో ఆ సన్నివేశం కింద ఏముందో తెలుసా? 'దర్శకుడి చేతిలో పుట్టిన కొత్త గీత' అని.

దొంగతనం. పట్టపగలు, టికెట్టు పెట్టి మరీ చూపిస్తున్న దొంగతనం.

నేనూరుకోలేదు. కరపత్రం వేశాను. పైన నీ జూన్ పదకొండో తారీఖు ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు, నీ అక్షరాల ఫోటోతో సహా. కింద ఆ సన్నివేశంలోని బొమ్మ. "ఈ చెయ్యి వణుకుతోందని వెళ్లగొట్టారు. ఇదిగో ఈ చేతి రాత. వణుకు చేతిది కాదు, కళది. కళని ఉంచుకుని కళాకారుణ్ణి గెంటినవాడు ఎవడు?" గోడల మీద అంటించాం, సినిమా హాళ్ల దగ్గర పంచాం. నా జీవితంలో నేను రాసిన అతి మంచి వాక్యం అదే మావయ్యా. నువ్వు గర్వపడతావు.

రుజువు అడిగితే చూపిస్తానని అసలు బొమ్మల అట్ట కూడా కళ్లజోడు బల్ల మీద ధన్‌మని పడేసి వచ్చాను.

కరపత్రం


జూలై 16

కోడలా

ఇది నా అక్షరం. చదవడం కష్టమైతే ఆగి చదువు. ఈ పేజీకి నాకు పొద్దున్నించీ పట్టింది. ఇంతకుముందు ఉత్తరాలు నేను చెబితే బైండరు రాసినవి. వాడిది గుండ్రటి చెయ్యి. నువ్వు గోడలకి అంటించింది వాడి రాత.

తుడిచెయ్యమన్నాను. చెరిపెయ్యమని. చింపి పారెయ్యమని. పని వదిలి వచ్చినవాణ్ణి కదా, ఇంటి మాట వాడాను. నువ్వు బల్ల ముందు కూర్చుని చదివావు. బల్ల మాట అనుకున్నావు. ఆ తప్పు నీది కాదు. ముప్ఫై ఏళ్లు ఆ మాటని ఒకే అర్థంలో వాడినవాణ్ణి నేను, నాకు తట్టాలి.

కాని మిగతాది విను. అది కళ కాదు. కావాలని వణికించలేదు. ఆ అరవై నాలుగు బొమ్మల్లో ప్రతి గీతా తిన్నగా వెయ్యాలనే వేశాను.

మూడేళ్లయింది మొదలై. డాక్టరు పేరేదో చెప్పాడు, పేరు తెలిసినంత మాత్రాన తగ్గదని కూడా చెప్పాడు. జేబులో చెయ్యి పెట్టుకుని తిరిగితే దర్జా అనుకున్నారు. బొమ్మలు మాత్రం జేబులో దాచలేం కదా. రబ్బరక్క చూసింది. ఏమీ అడగలేదు. నా వంకర గీత కింద పెట్టి పైన తిన్నని గీత వేసింది. అది తుడవడం కాదు, మళ్లీ వెయ్యడం. మూడేళ్లు ఉక్కురెక్క ఆవిడ చేతిమీద ఎగిరాడు, నా పేరుతో. నలభై ఒకటో సన్నివేశం దగ్గర ఆవిడ కళ్లకి కూడా అందలేదు. అందుకే అట్టలో దాచాను. ఆ రోజు హాల్లో కళ్లజోడుకి దొరికింది ఒక్క కాగితమే. పాత దొంతరలన్నీ తిరగేస్తే ఆవిడ పట్టుబడుతుంది. అది జరక్కుండా నేను లేచి వచ్చేశాను. ఒక ముసలాడు అలిగి పోయాడనుకుంటే కథ అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోయేది.

నువ్వు అట్ట తీసుకెళ్లి బల్ల మీద పడేశావు. వాళ్లు పాత దొంతరలు దించారు. నా అసలు గీతా ఆవిడ గీతా పక్కపక్కన పెట్టారు. మోసం అన్నారట. ఆవిణ్ణి మంగళవారం పంపించేశారు. నాకు ఫోను చేసింది. నీ మీద ఒక్క మాట అనలేదు. కళ్లద్దాలు మార్చుకోకపోవడం మంచిదయింది, ఇప్పుడిక అవసరం లేదు కదా అని నవ్వింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కాగితం ఎందుకు పాడుచేసినట్టు. ఎదురుగా హాల్లో ట్రైలరు వేస్తున్నారు. నిన్న టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు ఉక్కురెక్క ఆట ఆడుతున్నారు. గ్లాసు పట్టుకుని చెయ్యి ఇలా ఇలా ఆడించి, టీ ఒలకబోసి, నవ్వు. బాగా చేస్తున్నారు కూడా. నేను పక్కనే నిలబడ్డాను. కొట్టువాడు నా గ్లాసు చాపాడు. నేను జేబులోంచి చెయ్యి తియ్యలేదు. వద్దని తల ఊపి వచ్చేశాను. ఆ కుర్రాళ్లలో ఒకడు, తాతా, టీ తాగవా అని మర్యాదగానే అడిగాడు.

ఇప్పుడు టీ పైకి తెప్పించుకుంటున్నాను.

కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. తగ్గాక రాస్తాను.


జూలై 22

మావయ్యా,

అన్యాయం జరిగింది. చేసింది నేను. జూన్ మూడున కళ్లజోడు పేరు రాసిన చోట ఈసారి నా పేరు రాసుకున్నాను. అతని తప్పు అతనికుంది, దాన్ని నేను తగ్గించను. కాని రబ్బరక్కని గేటు అవతలికి నెట్టిన చెయ్యి ముందుగా నాది.

నీ ఉత్తరం లైటు బల్ల మీద పెట్టి చదవాలనుకున్నాను. బల్ల లేదు. శుక్రవారం నన్నూ తీసేశారు. దానికి ఏడవను. వంటింటి కిటికీ వెలుగులో చదివాను. నీ అక్షరాలు నాకు కష్టం కాలేదు. రెండు వారాలు ఆ చేతి వెంట నడిచినదాన్ని, ఎక్కడ జారుతుందో నాకు తెలుసు. తెలిసీ అది జబ్బని మాత్రం తెలుసుకోలేదు. ఇన్ని పుస్తకాలు చదివాను. పక్కబల్లవాడి కన్నీళ్ల గురించి నీకే పాఠం చెప్పాను.

రబ్బరక్క ఇంటికి వెళ్లాను. రెండు గదులు, తలుపు పక్కన కుట్టుమిషను. ఏదో దిండుగలీబుకి అంచు కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపలేదు. కాళ్లు పట్టుకుందామని వెళ్లినదాన్ని, కూర్చోమంటే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక క్షమాపణ కూడా కరపత్రం భాషలోనే చెప్పానట. ఆవిడే అంది. చివరికి దారం తెంపుతూ ఈ మాటలంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేను వణుకు తీసేశాను. నువ్వు ఉంచావు. తెరమీద చూస్తే నీదే బాగుందే, అది ఒప్పుకోవాలి. కాని నిజం ఎవరిదో వాళ్ల తలుపు తట్టాలమ్మా, గోడకి అంటించేముందు."

మళ్లీ దారం ఎక్కిస్తూ అడిగింది, "ఆయన ఇంకా ఎడమచేత్తోనే తింటున్నాడా?" నాకు తెలీదన్నాను. నువ్వు ఎడమచేత్తో తింటావన్న సంగతే నాకు తెలీదు మావయ్యా.

ఆవిడ ఇంట్లోనే కూర్చుని కొత్త కరపత్రం రాశాను. ముందు ఆవిడకి చదివి వినిపించాను. నాలుగు చోట్ల కొట్టేయించింది. 'రక్తపిశాచి' తీసేయించింది, కళ్లజోడుకి షుగరు కూడా ఉందట, పాపమట. మిగిలింది ఇంతే. పాతదాంట్లో నేను రాసింది తప్పు, ఆ చెయ్యి నిజంగానే వణుకుతుంది. ఆ చేతి పక్కన ఇంకో చెయ్యి మూడేళ్లు నిలబడింది. దాన్ని మోసమన్నవాళ్లు ఆ వణుకుని మాత్రం సొంతమని చెప్పుకుంటున్నారు. రబ్బరక్కని తిరిగి పనిలోకి తీసుకోవాలి. సినిమా చివర పేర్లలో ఆవిడ పేరు ఉండాలి. నీ పేరు వెయ్యమని రాయలేదు. అది అడగాలో వద్దో నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పేదాకా ఇది గోడ ఎక్కదు. నువ్వు చదవడానికి ఒక కాపీ ఇందులో పెట్టాను. వద్దంటే చింపెయ్యి. ఈసారి ఆ మాటకి ఒకటే అర్థం.

ఆశలేమీ పెంచుకోవడం లేదు. రెండో వరసలో తొమ్మిదిమందిని అడిగాను. నలుగురు వస్తామన్నారు. అందులో ఒకడు వాళ్లావిడని అడిగి చెబుతానన్నాడు. మిగతావాళ్లు పెన్సిళ్లు చెక్కుకుంటున్నారు. సినిమా ఎలాగూ విడుదలవుతుంది. కుర్రాళ్లు ఎలాగూ గ్లాసులు ఊపుతారు. మేము నిలబడినంత మాత్రాన గేటు తెరుచుకుంటుందని నేనిప్పుడు నమ్మడం లేదు. రబ్బరక్క ఒక్కతే ఆ గేటు ముందు నిలబడే రోజు మాత్రం రాకూడదు. ఆవిడ ఎలాగైనా వెళ్తానంటోంది, తన రబ్బర్ల డబ్బా లోపల ఉండిపోయిందట.

ఈ సోమవారం, ఇరవై ఎనిమిదో తారీఖు, పొద్దున ఎనిమిదిన్నరకి. వెనక గేటు దగ్గర, సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు కింద. తొమ్మిదికి హాలు తెరుస్తారు, అంతకుముందే చేరాలి. నినాదాలుండవు. బొమ్మలు వేసేవాళ్లు, తుడిచేవాళ్లు, మధ్యవి నింపేవాళ్లు, ఎవరి పెన్సిలు వాళ్లు తెచ్చుకుని, ఏ చేత్తో పనిచేస్తారో ఆ చెయ్యి పైకెత్తి నిలబడాలి. అంతే.

మీ ఊరినించి మొదటి బస్సు అయిదుంబావుకి. ఎనిమిదికల్లా ఇక్కడ దింపుతుంది. కోపం తగ్గకపోయినా రా, కోపంతోనే రా. జేబులోంచి చెయ్యి తీసి రా.

కోడలు